తినలేదు, తాగాను

జూన్ 4

చెల్లీ,

మొన్న నువ్వు వచ్చి వెళ్ళాక, తీరిగ్గా నీతో రెండు మాటలైనా మాట్లాడలేదే అని మనసు పీకుతూనే ఉంది. ఆ రోజు మా ఊపిరి పరీక్షల గది బయట బెంచీ నిండా జనం. నువ్వు గొట్టం నోట్లో పెట్టుకుని, తెర మీద గీత అటూ ఇటూ కదలకుండా, మొదటిసారే ఒకే తీరుగా ఊదేశావు. మామూలుగా వచ్చేవాళ్ళు నాలుగైదు సార్లు తడబడితే గానీ అది కుదరదు. ఈవిడ పాటలు పాడతారా అని మా టెక్నీషియన్ అడిగింది. పిల్లల బొమ్మల సీరియల్లో ఉడుతకి గొంతు ఇచ్చేది నువ్వేనంటే ఆవిడ చాలాసేపు నమ్మలేదు.

ఇక అసలు సంగతి. ఫలితాలు ఫోన్లో చెప్పకూడదని మాకు నియమం, అందుకే ఉత్తరం. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరిగొట్టాల లోపల వాపు ఉంటుంది. ఆ వాపున్న చోట ఒక వాయువు ఎక్కువగా పుడుతుంది. బయటికి ఊదిన గాలిలో అది ఎంత ఉందో మా యంత్రం అంకెగా చెబుతుంది. ఆ అంకెను చూసుకునే డాక్టర్లు రోగికి మందు పెంచాలో తగ్గించాలో తేల్చుకుంటారు. అయితే జబ్బు లేనివాళ్ళలో ఎంత ఉంటుందో తెలియకుండా, జబ్బున్నవాళ్ళ అంకెను ఎక్కడిదాకా దించాలో ఎవరికి తెలుస్తుంది? అందుకే ఏ జబ్బూ లేనివాళ్ళ కోసం వెతుకుతున్నాం. అందుకే నిన్ను బతిమాలి పిలిచాను.

పాతిక లోపు వస్తే ఫరవాలేదంటాం. యాభై దాటితే ఆగి చూస్తాం. నీది అరవై దాటింది. మళ్ళీ ఊదించినా అదే వచ్చింది. కాబట్టి నిన్ను ఆరోగ్యవంతుల లెక్కలోంచి తీసేశాం.

దగ్గూ ఆయాసమూ ఏవీ లేవని చెప్పావు. నిజంగా లేవా? ఒకసారి ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకో. కంగారు పడాల్సిందేమీ లేదు, కానీ తాత్సారం చెయ్యొద్దు. మరిదిగారికి కూడా ఈ మాట చెప్పు.

ఉంటాను,
అక్క


జూన్ 13

కానీ అక్కకి,

చిన్నప్పుడు నీకా పేరు నేను ఊరికే పెట్టలేదు. కంగారు పడొద్దు, కానీ. అంతా బాగానే ఉంది, కానీ. నీ నోట్లోంచి ఒక మాట పూర్తిగా బయటికొచ్చి నేల మీద నిలబడటం నేనింతవరకూ చూడలేదు.

నన్ను లెక్కలోంచి తీసేశావు. ఎంత హాయిగా రాశావక్కా ఆ ముక్క. నువ్వు నన్ను లెక్కలో పెట్టుకున్నదెప్పుడు గనక? "ఆరోగ్యవంతులు దొరకడం లేదే, నువ్వు రావే, నీకేం రోగమే" అని పిలిచింది నువ్వే. నీ పని పడింది కాబట్టి చెల్లెలు గుర్తొచ్చింది. పనయ్యాక చెల్లెలు పనికిరాలేదు.

నీ ఉత్తరం ఆయన చదివారు. వాపు అన్న మాట దగ్గర ఆగిపోయి, నా మెడ అటూ ఇటూ తడిమి, ఏదీ వాపెక్కడ అంటారు. నేను నోరు తెరిచి అద్దంలో చూసుకున్నాను. ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది నా గొంతు. అయినా ఆయన ఊరుకుంటేనా. మీ అక్క అంత చదువు చదివింది, ఊరికే రాస్తుందా అని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. ఆ డాక్టరు నా ఛాతీ మీద గొట్టం ఆనించీ ఆనించకుండా నీ అంకె చూశాడు. చూసి, ఇన్‌హేలర్ రాసిచ్చాడు. పొద్దునా సాయంత్రం పీల్చాలట. నీ అంకె ముందు నా ముఖానికి విలువ లేదు.

సరే, పీలుస్తాను. ఇంట్లో గోల తగ్గడానికి. నీకోసం కాదు.

ఫోన్ చెయ్యకు. రికార్డింగులున్నాయి. నా గొంతును నీతో పోట్లాడటానికి ఖర్చు పెట్టుకోలేను.

నీ లెక్కలో లేని
చెల్లెలు


జూన్ 21

చెల్లీ,

లెక్కలోంచి తీసేశాం అన్నది మా గదిలో రోజూ వాడే మాట. జలుబు చేసినవాళ్ళను తీసేస్తాం, సిగరెట్టు కాల్చేవాళ్ళను తీసేస్తాం. నీకు రాసేటప్పుడు ఆ మాటకి వేరే అర్థం ఉందని తట్టకపోవడం నా తప్పే. కానీ ప్రతి మాటనూ నువ్వు ముల్లుగానే తీసుకుంటావని కూడా నాకు తెలిసుండాల్సింది.

అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. నీ డాక్టరు అంకె చూసి మందు రాయడం నాకు నచ్చలేదు. అంకె ఒక్కటే జబ్బు కాదు. ఒంట్లో ఏ బాధా లేకుండా ఆ అంకె ఎక్కువగా ఉండేవాళ్ళు కొందరుంటారు. దుమ్ము పడనివాళ్ళలో ఉంటుంది, కొందరిలో ఊరికే ఉంటుంది. మా దగ్గరికి వచ్చే ఒక దర్జీకి ఆ అంకె చూసే మందు తగ్గించాం, అతను నిక్షేపంగా ఉన్నాడు. మరొకావిడకి అంకె బాగానే ఉందని తగ్గిస్తే మూడో వారానికే మెట్లెక్కలేకపోయింది. గీత ఎక్కడ గీయాలో మాకే ఇంకా తెలియదు. తెలియక గీస్తున్నామన్న సంగతి నీ డాక్టరుకి తెలియదు. అలాగని మందు మానెయ్యమని నేను చెప్పను. చెప్పే అధికారం నాకు లేదు. కానీ నీకు దగ్గు ఉందో లేదో అతను నిన్ను కూర్చోబెట్టి అడిగి ఉండాల్సింది. నేనూ అడిగి ఉండాల్సింది. పరీక్ష రోజున నీ నోటి మాట నమ్మి వదిలేశాను. ఎందుకంటే నాకు ఆరోగ్యవంతులు కావాలి. అవసరం ఉన్నవాళ్ళు ప్రశ్నలు తక్కువ అడుగుతారేమో.

ఈ రెండో పేజీ ఒక్క విషయం కోసం. ఆ మందు పీల్చిన ప్రతిసారీ నోటినిండా నీళ్ళు పోసుకుని, గొంతుదాకా పుక్కిలించి ఉమ్మెయ్యి. లేకపోతే మందు గొంతులోనే ఉండిపోతుంది. నీ పని గొంతుతో. ఇది మాత్రం మరిచిపోవద్దు.

అక్క


జూలై 19

అక్కా,

గొంతు పోయింది.

ముందు పై స్థాయి పోయింది. ఉడుత కిచకిచలాడే చోట గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత మామూలు మాట కూడా ఇసుకలో ఈడ్చినట్టు తయారైంది. రికార్డింగ్ గదిలో అద్దం అవతల కూర్చునే ఇంజినీరు, నాతో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, చెవుల మీది హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టాడు. ఆయన దాన్ని తీసి పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. మైకులోంచి కాకుండా తలుపు తీసుకుని లోపలికొచ్చి మాట్లాడాడు. వారం విశ్రాంతి తీసుకోమన్నారు. వారం పోయాక వెళ్తే అక్కడ ఇంకో పిల్ల నిలబడి ఉంది. ఉడుత ఇప్పుడు ఆ పిల్లది.

నాకు ఏమిచ్చారో తెలుసా? కథలోకి ఉడుతకి నానమ్మను కొత్తగా తెచ్చారు. ఈ గొంతుకి అది అతికినట్టు సరిపోతుందట. మెచ్చుకుంటున్నామనే అనుకుని నవ్వుతూ చెప్పారు. నాకింకా నలభై నిండలేదు.

గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల తెల్లటి పొర కట్టిందన్నాడు. ఆ పీల్చే మందు వల్లనేనట, దాన్ని ఆపాలంటే రాసినవాళ్ళనే అడగాలట. ఎవరు రాశారు ఈ మందు అని అడిగాడు. మా అక్క అన్నాను.

ఊరికే అనలేదు. నాకు ఊపిరితిత్తుల్లో మంట ఉందో లేదో నీ యంత్రానికి తెలియాలి. నీకు కడుపులో మంట ఉందని మాత్రం నాకు చిన్నప్పుడే తెలుసు. నాన్న నన్ను బల్ల మీద నిలబెట్టి వచ్చినవాళ్ళకి పద్యాలు వినిపించమనేవాడు. నువ్వు లేచి పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకునేదానివి. చదువుకోవాలని అనేదానివి. ఇన్నేళ్ళూ తలుపు వెనక కూర్చుని చదువుకున్నావు, చివరికి నా గొంతు నొక్కే పద్ధతి కనిపెట్టావు.

ఇక నాకు రాయకు.

ఉడుత కాని
చెల్లెలు


జూలై 26

నీకు,

రాయకు అన్నావు గానీ, రాయక తప్పదు. ఒక్కటే అడుగుతాను. పుక్కిలించావా?

నా ఉత్తరం రెండో పేజీ అంతా దాని గురించే. నువ్వు చదివుండవు. నీకు ఎదుటివాళ్ళు చెప్పేది వినే అలవాటు ఎప్పుడూ లేదు. నీ గొంతు నీకంత ఇష్టం. నాన్న బల్ల మీద నిలబెట్టినప్పుడు నేను తలుపేసుకున్నది అసూయతో కాదు. నువ్వు ఒక పద్యం చదివి దిగేదానివి కాదు. మర్నాడు నాకు పరీక్ష ఉన్నా దిగేదానివి కాదు. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండేది కాదు, నీకు అసలే గుర్తుండేది కాదు. దానికి అసూయ అని పేరు పెట్టుకుంటే పెట్టుకో. నేనే ఇంతవరకూ సరైన పేరు పెట్టలేకపోయాను.

నీకు మందు రాసింది నేను కాదు. నీ డాక్టరు. వాడే పద్ధతి నేను చెప్పాను, నువ్వు వినలేదు. ఇందులో నా పాపం ఎంతో, నీ మొండితనం ఎంతో తీరిగ్గా లెక్క వేసుకో.

ఇంకొకటి. ఇది నా కోసం కాదు, మా పెద్ద డాక్టరుగారు అడగమన్నారు. ఆరోగ్యంగా కనిపిస్తూ ఎక్కువ అంకె వచ్చినవాళ్ళందరినీ మళ్ళీ అడుగుతున్నాం. పరీక్షకి ముందు రెండు మూడు గంటలు ఏమీ తినొద్దని చెప్పాం. ఆ పొద్దున నువ్వేమైనా తిన్నావా?

అక్క


ఆగస్టు 5

పెద్ద డాక్టరుగారికి జవాబు:

నేనేమీ తినలేదు. తిననని మాటిచ్చాను, తినలేదు. బస్సులో పక్కావిడ బిస్కట్టు ఇచ్చినా పుచ్చుకోలేదు. మాట మీద నిలబడటం నాకు నాన్న నేర్పాడు. మా అక్కకి నేర్పలేదేమో.

ఇక అక్కకి:

రెండో పేజీ చదవలేదు. అవును. మొదటి పేజీలో నీ కానీలు చూసేసరికి ఒళ్ళు మండి చించి పారేశాను. మనిషి ప్రాణం మీది మాటను ఒక పేజీ వెనక దాచిపెట్టి, చదవలేదని నన్నంటావా? మంటలంటుకున్న ఇంట్లో నిలబడి ఉపోద్ఘాతం చెప్పేదానివి నువ్వు. మొదటి వాక్యం పుక్కిలించు అని ఎందుకు రాయలేదు?

నన్ను తిన్నావా అని అడుగుతున్నావు. ఆ రోజు నీ దగ్గర్నుంచి నేరుగా రికార్డింగుకి వెళ్ళాల్సి ఉంది. రికార్డింగ్ ఉన్న రోజు పొద్దున్నే నాకు పెద్ద గ్లాసుడు బీట్‌రూట్ రసం తాగే అలవాటు. మా స్టూడియోలో సగం మంది తాగుతారు, ఊపిరి ఎక్కువసేపు నిలుస్తుందని. అది తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ కడుపుతో వచ్చి నీ గొట్టంలో ఊదాను. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా ఊదాను. అంత చేస్తే దక్కింది ఇది.

ఇంకేం కావాలి? నేనెన్నిసార్లు మింగానో, ఎన్నిసార్లు ఆవులించానో కూడా రాయమంటావా?

నానమ్మ


ఆగస్టు 9

చెల్లీ,

బీట్‌రూట్ రసం అంకెను పెంచుతుంది. మొదటి వాక్యంలోనే రాశాను.

ఆకుకూరలు, బీట్‌రూట్ లాంటివి లోపలికి వెళ్ళాక ఒంట్లో అదే వాయువు తయారవుతుంది. అందుకే ఏమీ తినొద్దంటాం. నీ ఉత్తరం చదివి, లేచి వెళ్ళి గోడకి అంటించి ఉన్న మా సూచనలు చూశాను. పరీక్షకు ముందు ఏమీ తినరాదు అని ఉంది. తాగరాదు అని లేదు. ఆ వాక్యం రాసింది నేనే. మంచినీళ్ళు కూడా మానేసి సొమ్మసిల్లిపోతారేమోనని తాగడం గురించి కావాలనే వదిలేశాను. తినడమంటే నోట్లో వేసుకునేదంతా అని అందరూ అనుకుంటారనుకున్నాను. నువ్వు తినొద్దంటే తినడం మానేశావు. నువ్వు చేసింది నేను రాసినదాని ప్రకారమే.

మా టెక్నీషియన్ని పిలిచి చదివించాను. ఆవిడ వాక్యం చూసి, నన్ను చూసి, తను రోజూ పరీక్షకి వచ్చేవాళ్ళను కాఫీ తాగేసి రమ్మంటున్నానని చెప్పింది. ఇప్పుడు మా ఆరోగ్యవంతుల్లో ఎవరెవరు ఏమేం తాగి వచ్చారో మాకు తెలియదు. పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఆయన అరవలేదు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, అందరినీ మళ్ళీ పిలవండి అన్నారు. వాళ్ళల్లో సగం మంది రారు. వచ్చినవాళ్ళు నన్ను నీలాగే చూస్తారు.

ఇవన్నీ నా తిప్పలు. నీ సంగతి ఇది: ఆ అరవై నిజం కాకపోవచ్చు. కొంత నిజం కావచ్చు. డాక్టరుని అడిగి మందు ఆపి, కొన్ని వారాలు ఆగి, ఏమీ తినకుండా, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకుండా మళ్ళీ రా. ఆ ఊపిరి ఏం చెబుతుందో చూద్దాం.

క్షమించమని అడగను. ఎంతకి అడగాలో నాకింకా తెలియదు.

అక్క


ఆగస్టు 24

అక్కా,

నీ గదికి నేనెందుకు వస్తాను? ఊళ్ళో ఊదే యంత్రం నీ ఒక్కదానికే ఉందా? నీ ఉత్తరం అందిన మర్నాడే ఇంకో చోటికి వెళ్ళి ఊదాను. రసం తాగలేదు, కాఫీ తాగలేదు, నీళ్ళు కూడా తాగలేదు. అంకె ఎంతొచ్చిందో తెలుసా? పద్దెనిమిది. మీ పాతిక కన్నా తక్కువ. ఆ కాగితం ఆయన ముఖాన కొట్టాను. మీ వదినగారి చదువు ఇదీ అన్నాను.

అంటే నేను మొదటినుంచీ ఆరోగ్యంగానే ఉన్నాను. నువ్వొక వాక్యం సరిగా రాయలేక నన్ను రోగిని చేశావు, మందు పట్టించావు, గొంతు పోగొట్టావు, ఉడుతను పోగొట్టావు. అందరి మీదా అనుమానపడే మనిషివి, నీ సొంత వాక్యం మీద ఒక్కసారి అనుమానం రాలేదా?

ఇప్పుడు నాకొకటి కావాలి. మా స్టూడియో వాళ్ళకి ఒక ఉత్తరం రాయి. నాకు ఏ జబ్బూ లేదని, ఏనాడూ లేదని, జరిగిందంతా మీ పరీక్షలో పొరపాటని. మీ ఆఫీసు ముద్ర వేసి పంపు. ఆ పిల్లకి ఉడుత ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. నవ్వాల్సిన చోట గుర్రంలా సకిలిస్తోంది. నీ కాగితం ఒక్కటి చాలు.

ఇందులో కానీ లేకుండా రాయగలవా?

చెల్లెలు


ఆగస్టు 31

చెల్లీ,

రాయలేను.

నువ్వు పరీక్ష చేయించుకున్ననాటికి ఇంకా ఆ మందు పీలుస్తూనే ఉన్నావు, అవునా? ఆ మందు పని ఆ అంకెను దించడమే. లోపల వాపు ఉండి మందు దాన్ని దించినా పద్దెనిమిదే వస్తుంది, అసలు వాపే లేకపోయినా పద్దెనిమిదే వస్తుంది. మొదటి అంకెను బీట్‌రూట్ పాడు చేసింది, రెండో అంకెను మందు పాడు చేసింది. నీ చేతిలో రెండు కాగితాలున్నాయి, వాటిలో ఒక్కటీ నీ గురించి ఏమీ చెప్పడం లేదు.

మా పొరపాటు జరిగిందని మీ స్టూడియోకి రాస్తాను, ముద్ర వేసి రాస్తాను. ఏ జబ్బూ లేదని రాయను. అది నాకు తెలియదు. నువ్వు తిట్టినా తెలియదు. చెల్లెలివి కాబట్టి తెలిసినట్టు రాస్తే, రేపు నువ్వు మైకు ముందు ఊపిరాడక కూలబడిన రోజున ఆ ముద్ర నాకు కనిపిస్తుంది.

ఒకటి అడుగుతాను, ఈసారి పరిశోధన కోసం కాదు. కిందటేడు మా ఇంట్లో నాలుగు రోజులున్నావు. తెల్లవారుజామున బాత్రూంలో కుళాయి పూర్తిగా తిప్పి వదిలేదానివి. మీ బావ నీళ్ళు వృథా చేస్తోందని సణిగారు. నీళ్ళ చప్పుడు వెనక ఏముందో నేను విన్నాను. విని, నువ్వు చెప్పలేదు కాబట్టి ఊరుకున్నాను. పరీక్ష రోజున దగ్గు లేదని నువ్వన్నప్పుడు కూడా నోరు మూసుకున్నాను.

ఆ దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది?

అక్క


సెప్టెంబరు 14

అక్కా,

విన్నావన్నమాట. విని ఊరుకున్నావు. మళ్ళీ నేను దాచిపెట్టానంటావు.

అవును, ఉంది. తెల్లవారుజామున వస్తుంది, ఎండెక్కాక పోతుంది. రికార్డింగులు పగలే కాబట్టి ఎవరికీ తెలియదు. మా లోకంలో దగ్గు అన్న మాట బయటికి రాకూడదు. ఒకావిడకి అలాగే, ఉబ్బసమట అని ఎవరో అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆవిడకి ఫోన్లు రావడం ఆగిపోయింది. మనిషి బాగానే ఉంది, గొంతు బాగానే ఉంది, ఫోను మాత్రం మోగలేదు. అందుకే కుళాయి తిప్పాను. నీ దగ్గర కూడా తిప్పాను. నీ దగ్గరే ఎక్కువ తిప్పాను, ఎందుకంటే నీకు తెలిస్తే అది జబ్బు అయిపోతుంది. పేరు పెట్టనంతసేపూ అది దగ్గే.

డాక్టరుని అడిగి మందు ఆపాను. ఎక్కువైతే వెంటనే రమ్మన్నాడు. తెల్లపొర తగ్గింది, గొంతు తిరిగొస్తోంది. పై స్థాయి కూడా వస్తోంది. కుళాయి కూడా మళ్ళీ మొదలైంది. గొంతు వచ్చిన వేగంతోనే దగ్గూ వచ్చింది. రెండూ ఒకే తలుపు దగ్గర నిలబడి తోసుకుంటున్నాయి.

వచ్చే నెల మొదటి సోమవారం వస్తాను. ఏమీ తినను, నీళ్ళు తప్ప ఏమీ తాగను. నువ్వు నాతో మాట్లాడొద్దు. గొట్టం చేతికివ్వు, పక్కకి తప్పుకో. వీలైతే ఆ రోజు సెలవు పెట్టుకో.

చెల్లెలు


అక్టోబరు 9

చెల్లీ,

సెలవు పెట్టుకోలేదు. పెట్టుకుందామనే అనుకున్నాను.

నీ అంకె ముప్పై తొమ్మిది. పాతికకీ యాభైకీ మధ్యలో. జబ్బుందని తేల్చదు, లేదని తేల్చదు. నా బతుకంతా ఈ మధ్యలోనే గడుస్తోందని నువ్వు నవ్వుకోవచ్చు, నేను అడ్డుపడను.

అయితే ఈసారి అంకె కోసం ఆగలేదు నేను. నువ్వు ఈ మారు మొదటిసారి ఊదలేకపోయావు. గీత సగంలో కిందికి పడిపోయింది. రెండోసారీ పడిపోయింది. మూడోసారికి ముందు నువ్వు ముందుకు వంగి ఊపిరి కూడదీసుకుంటుంటే, వీపు వెనక నిలబడ్డ నాకు లోపలి ఈల వినిపించింది. యంత్రం అక్కర్లేకుండానే వినిపించింది. నీకు ఉబ్బసం ఉంది. ఈ వాక్యం మీద నాకు అనుమానం లేదు.

మీ డాక్టరుతో ఫోన్లో మాట్లాడాను, అతను నా మీద విసుక్కున్నాడు, నేనూ విసుక్కున్నాను. మందు తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టాలి. ఈసారి నేరుగా నోట్లోకి కాదు, మధ్యలో ఒక ప్లాస్టిక్ డబ్బా బిగించి, అందులోంచి నెమ్మదిగా పీల్చాలి. అప్పుడు మందు గొంతులో తక్కువ పడుతుంది. పీల్చాక పుక్కిలించు. గొంతు అస్సలు పాడవదని హామీ ఇవ్వలేను. వాడకపోతే ఊపిరి పాడవుతుందని మాత్రం ఇవ్వగలను.

స్టూడియోకి ఏం చెబుతావో నీ ఇష్టం. పొరపాటు గురించి నా ఉత్తరం ఇందులోనే పెట్టాను, ముద్ర ఉంది. పంపితే పంపు, లేకపోతే లేదు.

అక్క


నవంబరు 2

అక్కా,

నీ ముద్ర ఉత్తరం పంపలేదు. పొరపాటని చెబితే సగం నిజం చెప్పినట్టవుతుంది. మిగతా సగం కుళాయి కింద దాచుకుని తిరగాలి. నాకు విసుగొచ్చింది.

నేనే వెళ్ళి చెప్పాను. ఉబ్బసం అనే చెప్పాను, డబ్బాతో మందు పీల్చే సంగతీ చెప్పాను. గదిలో నలుగురున్నారు, నలుగురూ కాసేపు తమ కాగితాలు చూసుకున్నారు. తర్వాత ఇంజినీరు, ఆ డబ్బా తెచ్చారా, ఒకసారి పీల్చి మైకు ముందుకి రండి, వింటాను అన్నాడు. పీల్చాను, పుక్కిలించాను, చదివాను. ఉడుత చెట్టు మీంచి ఒక్క దమ్ములో అరిచే వాక్యం ఒకటుంది. మధ్యలో ఊపిరి తీసుకోక తప్పలేదు. ఆగి, మళ్ళీ అందుకున్నాను. ఆయన దాన్ని అలాగే ఉంచేశాడు. కలిపి అతికిస్తానని అనలేదు. ఉడుత కూడా పరిగెత్తి వచ్చింది కదా, ఊపిరి తీసుకోదా అన్నాడు.

సగం భాగాలు నాకు, సగం ఆ పిల్లకి. ఇది గెలుపు అనను. నానమ్మ కూడా నాకే అంటగట్టారు. ఫోన్లు మునుపటంత మోగడం లేదు. ఆ సంగతి కూడా నువ్వు తెలుసుకో.

నిన్ను ఇంకా చూడాలనిపించడం లేదు. మా ఇంటికి రావద్దు. పిల్లలు అడిగితే పనుల్లో ఉందని చెబుతున్నాను.

ఇంకొకటి. ఆ సోమవారం, మూడోసారి ఊదేటప్పుడు నా వీపు మీద చెయ్యి వేశావు. తియ్యమందామంటే గొట్టం నోట్లో ఉంది. గొట్టం తీశాక నోరు ఖాళీగానే ఉంది, అయినా అనలేదు. దాన్ని క్షమించడం అనుకుని సంబరపడకు. గీత మాత్రం ఆ ఒక్కసారే కింద పడకుండా చివరిదాకా వెళ్ళింది.

చెల్లెలు